కట్ట మీదుగానా, తారు మీదుగానా?

పిడుగురాళ్ల నుంచి అటు నాగార్జునసాగర్ దాకా, ఇటు వాడరేవు సముద్రం దాకా లారీ హారన్ వినపడకుండా సైకిల్ మీద వెళ్లే దారి ఒకటి ఉండాలా వద్దా అన్నది ఇక్కడి తగువు. ఉండాలనేవాడు కుర్రవాడు, సెలవు దొరికితే చాలు సైకిలెక్కేస్తాడు. అతని మాటలకు ముందు ‘కట్ట’ అని ఉంటుంది. అక్కర్లేదనేది ముప్పై ఏళ్లు సైకిల్ మీదే బడికి వెళ్లొచ్చి రిటైరైన మాస్టారు. ఆయన మాటలకు ముందు ‘రోడ్డు’ అని.

కట్ట: కొత్తగా దారి వేయమని ఎవరూ అడగట్లేదు మాస్టారూ. దారి ఉంది. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లొదిలినప్పటి నుంచీ ఉంది. కుడి కాలువ, అదే కాగితాల్లో జవహర్ కాలువ, 203 కిలోమీటర్లు. దాని కట్ట మీద ఇంజనీర్ల జీపు తిరగడానికి వేసిన బాట ఉంది. మాచర్ల, దుర్గి వైపు ఎటు చూసినా గుట్టలే. ఆ గుట్టల మధ్య తారు రోడ్డు మీద సైకిల్ తొక్కితే పిక్కలు పట్టేస్తాయి. కట్ట మీద మాత్రం ఎత్తు తగలదు. ఎందుకంటే నీళ్లు ఎత్తెక్కవు. గుట్ట అడ్డమొస్తే కాలువ దాని నడుం చుట్టూ తిరిగి పోతుంది గానీ మీదికి పాకదు. అందుకని కట్టకూ కంటికి ఆనని వాలే. కొండల నడుమ చదునుగా సాగే దారి కావాలని పైదేశాల వాళ్లు కోట్లు పోసి చేయించుకుంటున్నారు. మనకు నీళ్లే వేసిపెట్టాయి.

రోడ్డు: వాలు సంగతి బాగా చెప్పావు అబ్బాయ్. కానీ కట్ట ఖాళీగా ఉందనుకుంటున్నావు చూడు, తేడా అక్కడుంది. పొద్దున్నే వెళ్లి చూడు. పత్తి బోరేలు వేసుకున్న ట్రాక్టరు ఎదురొస్తుంది. మిరప తోటకు మందు కొట్టడానికి నీళ్ల డ్రమ్ములు నింపుకునేవాళ్లు అక్కడే ఉంటారు. ఆయిలింజను పైపు బాటకు అడ్డంగా పడి ఉంటుంది. గేదెలు సరే సరి. షట్టర్ల దగ్గర లస్కరు ఉంటాడు, తూము దగ్గర వంతు కోసం కీచులాడుకునే ఇద్దరు రైతులుంటారు. ‘ట్రాఫిక్ లేని దారి’ అని బోర్డు పెడితే, వీళ్లందరూ ట్రాఫిక్ కింద లెక్కా, కాదా? ముందు అది తేల్చు.

కట్ట: కాదు. ఒట్టేసి చెబుతున్నా, కాదు. యూరప్‌లో సైకిల్ యాత్రికులు మురిసిపోయే దారుల్లో చాలా భాగం పొలం బాటలే. రైతు ట్రాక్టరుకు అక్కడ అడ్డు లేదు, అడ్డమల్లా బయటి కారుకే. ఫ్రాన్స్‌లో మిది కాలువ 1681లో పూర్తయింది, పొడవు 240 కిలోమీటర్లు. ఒకప్పుడు గుర్రాలు పడవల్ని లాగుతూ నడిచిన గట్టు మీదే ఇవాళ సైకిళ్లు పోతున్నాయి. మనకూ అలాంటి గట్టు ఉంది. కృష్ణ నుంచి బయల్దేరిన కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు నడిచి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. రైళ్లూ లారీలూ రాకముందు ధాన్యం, ఉప్పు పడవల మీదే పోయేవి. గాలి లేనప్పుడు మనుషులు తాడు భుజానేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవారు. వాళ్ల పాదాల కింద అరిగిన గట్టు అది. పల్నాటి కట్ట మీద బయల్దేరి, ఆ గట్టు అందుకుంటే ఇక ముందుండేది సముద్రమే.

రోడ్డు: పడవ లాగినవాణ్ని తలుచుకున్నావు, సంతోషం. అతని మనవణ్ని మరిచిపోయావు. ఆ మనవడు ఇవాళ సైకిల్ మీదే ఉన్నాడు, కానీ నీ కట్ట మీద కాదు, హైవే అంచున. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద ఒక గంట నిలబడు. వెనక క్యారియరు మీద జొన్న చొప్ప మోపు కట్టుకుని ఒక మనిషి ఎదురు దిశలో వస్తుంటాడు. రాంగ్ రూటని తిట్టేవాళ్లే అందరూ. అతని చేను రోడ్డుకు అవతల పక్క. డివైడరులో సందు కావాలంటే కిలోమీటరు అవతలికి పోవాలి, మళ్లీ కిలోమీటరు వెనక్కి రావాలి, మోపుతో. రోడ్డు వేసినవాడి లెక్కలో కారుకు అది ఒక్క నిమిషం. చొప్ప మోపుకు ఎంతో ఎవరూ లెక్కేయలేదు. అతనికి హైవే పక్కన నాలుగడుగుల జాగా చూపించకుండా, సెలవు రోజు సరదాగా తొక్కేవాడికి 200 కిలోమీటర్లు పరుస్తామంటే, ఆ డబ్బు ఎవరిది?

ఈ మాటకు కుర్రవాడు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. చెప్పలేకపోవడం అతనికి గౌరవమే. సైకిల్ దారుల గురించి మన పత్రికల్లో వచ్చే రాతల్లో ఖరీదైన హెల్మెట్టు కనపడినంతగా చొప్ప మోపు కనపడదు.

కట్ట: డబ్బు మాట న్యాయమే. కానీ ఒకటి చూడండి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అంచున తెల్లగీత గీసి ‘ఇది సైకిల్‌వాళ్లది’ అంటే ఆ గీతను ఎవరు లెక్కచేస్తారు? పిడుగురాళ్లలో రోడ్డంచు ఎప్పుడు ఖాళీగా ఉందని? సున్నపురాయి లారీ ఆగేది అక్కడే, పట్టా కప్పిన మిర్చి టిక్కీల లోడు ఆగేది అక్కడే, టీ బంకు బెంచీ వేసేదీ అక్కడే. ఆ నాలుగడుగులు ఇచ్చినా సాయంత్రానికి పోతాయి. అందుకే లారీ అసలు రాలేని చోటు వెతుక్కోమంటున్నా. కట్టకు ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పల్లం. దాన్ని ఆక్రమించుకుని బంకు పెట్టేవాడు అరుదు.

రోడ్డు: బంకు కాకపోతే గ్రావెల్ లారీ. నువ్వు కట్ట బాట గట్టిపరిచిన మర్నాడే టోలు తప్పించుకునే బండ్లన్నీ అటు తిరుగుతాయి. ఆపాలంటే గేటు పెట్టాలి. గేటు పెడితే తాళం ఉండాలి. తాళం ఎవరి దగ్గర? 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు, కాలువల మీద రైతుకూ ఒక మాట ఉండాలని. ఆ సంఘాన్ని అడగకుండా యాత్రికుల కోసం గేటేస్తే రైతు ట్రాక్టరు గేటు బయటే ఉండిపోతుంది. ఇక కాలువ తల సంగతి చూద్దామా? 2023 నవంబరు 30న సాగర్ డ్యాం మీద కుడి కాలువ నీళ్ల కోసం రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. అక్కడికి నువ్వు గంట కొట్టుకుంటూ వెళ్తే ఏ పక్షం సైకిలని అడుగుతారు.

కట్ట: (నవ్వి) పల్నాడు పక్షం అని చెబుతా. అయినా మాస్టారూ, చాపకూడు పెట్టిన నేల ఇది. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడంటారు. ఒక బాట మీద ట్రాక్టరూ సైకిలూ కలిసి పోలేవా?

రోడ్డు: కొళాయి పెట్టాలన్నా, సంఘం పెట్టాలన్నా ఇక్కడ చాపకూడే చెబుతారు. అదే నేల మీద కోడిపందెం కాడ మొదలైన తగువు కారెంపూడిలో యుద్ధమైందని కూడా గుర్తుంచుకో. కథలొద్దు, లెక్క చెప్పు. హైదరాబాద్‌లో 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాకు తెరిచారు. 23 కిలోమీటర్లు, పైన 16 మెగావాట్ల సోలార్ కప్పు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ సైకిల్‌ను కారు వెనక కట్టుకొచ్చి, దించుకుని, తొక్కి, మళ్లీ కట్టుకుని పోయేవాళ్లు ఎంతమంది? ట్రాఫిక్ లేని దారికి చేరడానికి ట్రాఫిక్‌లో కారెక్కి రావడమా? ఆ కప్పు అక్కడ ఉంది కాబట్టి సరిపోయింది. నీ కట్టకు కప్పెవరేస్తారు? వేసవి వచ్చిందంటే ఒకప్పుడు రేడియో వార్తల్లో వినపడే పేరు రెంటచింతల. అది ఎక్కడో లేదు, ఈ జిల్లాలోనే ఉంది. యూరప్ వాళ్ల దారులు యూరప్ ఎండకు వేసినవి.

కట్ట: వేసవిలో ఎవరూ తొక్కరు. మార్చి నుంచి జూన్ దాకా దారికి సెలవు. దీపావళి నుంచి శివరాత్రి దాకా చాలు. చలి పొద్దుల్లో కాలువ నిండుగా పారుతుంటుంది, మిరప పండుతుంటుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల దగ్గర ముగిస్తే అంతకంటే యాత్ర ఏముంటుంది? కారెంపూడిలో నాగులేరు, వీరుల గుడి. గురజాల పక్కన కృష్ణ ఒడ్డున దైద బిలం. ఇటు గుత్తికొండ బిలం. సాగర్ నుంచి 11 కిలోమీటర్లలో చంద్రవంక మీద ఎత్తిపోతల, 70 అడుగుల జలపాతం. మునిగిపోయే నాగార్జునకొండ లోయ నుంచి రాయి రాయీ మోసుకొచ్చి నిలబెట్టిన అనుపు రంగస్థలం. ఇవన్నీ ఒకదానికొకటి సైకిల్ దూరంలో ఉన్నాయి. కారులో వచ్చినవాడు ఒక్కరోజులో అన్నీ చూసి సాయంత్రానికి ఇల్లు చేరతాడు, ఇక్కడ కొనేది ఒక నీళ్ల సీసా. సైకిల్ మీద వచ్చినవాడికి ఆకలేస్తుంది. రాత్రి పడుకోవాలి. పంక్చరు వేయించుకోవాలి. ఊళ్లో మనిషితో మాట్లాడక తప్పదు.

రోడ్డు: పంక్చరు మాట నిజం. పల్లేరుకాయలు చాలు, రోజుకు రెండు. ఇక వానొచ్చిందనుకో, చెప్పక్కర్లేదు.

ఈ చివరి మాటను మాస్టారు తేల్చేశారు గానీ, అది తెలియనివారి కోసం కాస్త ఆగాలి. పల్నాటి రేగడి ఎండలో రాయి, వానలో జిగురు. తడిసిన కట్ట మీద నూరు గజాలు తొక్కేసరికి మట్టి టైరుకు అట్టలు అట్టలుగా అంటుకుంటుంది. టైరు ఆ అట్టను మోసుకెళ్లి మడ్‌గార్డు కింద దట్టిస్తుంది. ఇంకో పది గజాలకు చక్రం తిరగడం మానేస్తుంది. దిగి, పక్క చేలోంచి కందికట్టె ఒకటి విరుచుకుని, మడ్‌గార్డు సందులోకి దూర్చి గీకాలి. కట్టె విరుగుతుంది, ఇంకోటి తేవాలి. చివరకు సైకిలే మనిషి భుజమెక్కుతుంది. శ్రీనాథుడి పేర చలామణిలో ఉన్న చాటువుల్లో పల్నాటి రాళ్ల మీదా, తిండి మీదా చురకలున్నాయి గానీ రేగడి మీద లేదంటే ఆయన వానాకాలంలో వచ్చి ఉండడు.

రోడ్డు: ఇంకో సంగతి. ఇంగ్లండులో బ్రిస్టల్ నుంచి బాత్ దాకా 21 కిలోమీటర్ల దారి వేశారు, 1979లో మొదలుపెట్టి 1986 దాకా. స్పెయిన్‌లో 1993 నుంచి వేసుకుంటూ పోయి 3,000 కిలోమీటర్లు దాటించారు. రెండూ మూతపడిన రైలు దారుల మీదే. రైళ్లు పోయాయి, బాట ఖాళీగా ఉంది, సైకిళ్లకు ఇచ్చారు. మనకు చచ్చిన లైను ఎక్కడుంది? గుంటూరు–మాచర్ల మీటర్‌గేజి బ్రాడ్‌గేజి అయింది, మూతపడలేదు. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి ఇంకా 309 కిలోమీటర్లు కొత్తగా వేస్తున్నారు. వాళ్లు వాడి వదిలేసినదాన్ని ఇచ్చారు. నువ్వు ఇంకా వాడుకలో ఉన్నదాన్ని అడుగుతున్నావు. పోనీ ఇంగ్లండు దారులైనా నిలిచాయా? అక్కడి జాతీయ సైకిల్ నెట్‌వర్క్ నడిపే సంస్థే 2020లో అందులో దాదాపు నాలుగోవంతును తీసేసింది, పనికిరాదని.

కట్ట: ఏ నాలుగోవంతు మాస్టారూ? అది చెప్పకుండా వదిలేశారు. తీసేసింది మామూలు రోడ్ల మీద గీతలు గీసి, బోర్డులు పెట్టి ‘ఇదీ సైకిల్ దారే’ అన్న ముక్కల్ని. అక్కడ బండ్లు జోరుగా పోతున్నాయి, పిల్లల్ని పంపలేమని తీసేశారు. వాహనాలు రాని ముక్కలు నిలిచాయి. అంటే మీరడిగే హైవే అంచు లాంటివి పోయాయి, కట్ట లాంటివి మిగిలాయి.

ఇది గట్టి దెబ్బే. మాస్టారు ఒక క్షణం ఊరుకుని, ఒప్పుకున్నట్టు తలూపారు. ఓడిన మాటను పట్టుకుని వేలాడే అలవాటు ఆయనకు లేదు. ఆ వెంటనే ఆయన తెచ్చిన మాట మొత్తం సంవాదంలోకెల్లా బరువైనది.

రోడ్డు: సరే. పిల్లలన్నావు కాబట్టి అడుగుతున్నా. హైస్కూలు ఆడపిల్లలకు సర్కారు సైకిళ్లు ఇచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల, ఊరికీ బడికీ నాలుగు కిలోమీటర్లు. ఒక పక్క లారీలు తిరిగే రోడ్డు, ఇంకో పక్క నువ్వు చెప్పే చల్లని కట్ట. వాళ్లమ్మ ఏ దారిన పొమ్మంటుంది? రోడ్డునే. ఎందుకో తెలుసా? రోడ్డు మీద మనుషులుంటారు. టీ బంకుంటుంది, ఆటో వెళ్తుంటుంది, పడితే లేపేవాడుంటాడు, ఎవడైనా వెంటపడితే కేకేస్తే పలికేవాడుంటాడు. కట్ట మీద అలికిడి ఉండదు. నీకు ప్రశాంతత అనిపించేదే ఆ తల్లికి భయం. పైగా పక్కనే కాలువ. సిమెంటు లైనింగు మీద పాచి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఈత వచ్చినవాడు కూడా ఎక్కలేడు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. 2010 తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో కాలువలు బాగుచేశారు, లైనింగు నున్నగా అయింది. నీళ్లకు మంచిదే, జారినవాడికి కాదు.

కట్ట: ఆ పిల్ల సంగతి... దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. అర కిలోమీటరుకొకచోట లైనింగులో మెట్లు కట్టొచ్చు, ఒడ్డున గొలుసు వేలాడదీయొచ్చు. అది చేతిలో పని. అలికిడి లేకపోవడం మాత్రం సిమెంటుతో తీరేది కాదు. మనుషులు తిరిగితే దారికి అలికిడి వస్తుంది, అలికిడి ఉంటేనే మనుషులు తిరుగుతారు. ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. గంట లెక్కన మొదలుపెడితే? విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు తెల్లవారుజామున వాహనాలకు మూసేస్తారు. కొత్తగా ఒక్క ఇటుకా పేర్చలేదు. ఉన్న రోడ్డే, కొన్ని గంటలు మనుషులది. కొలంబియాలో బొగొటా ఊరు 1974 నుంచి ఆదివారాలు పెద్ద రోడ్లకు రోడ్లే ఇలా మూస్తోంది. ఇప్పుడది 100 కిలోమీటర్లు దాటింది. కోటప్పకొండ ఘాట్ రోడ్డు నెలకొక ఆదివారం పొద్దున సైకిళ్లకు వదిలితే పిల్లలు గుంపుగా వస్తారు, తల్లులూ వెంట వస్తారు.

రోడ్డు: చూశావా, తిరిగి తిరిగి తారు మీదికే వచ్చావు! ఘాట్ రోడ్డు తారే, బీచ్ రోడ్డూ తారే. నా మాట మొదటి నుంచీ అదే. సైకిల్‌వాణ్ని రోడ్డు మీంచి దించి దూరంగా కాలువ గట్టెక్కించడం కాదు, రోడ్డులో అతని వాటా అతనికి ఇప్పించడం. సైకిళ్లకు వేరే దారి ఉందిగా అని ఒకసారి అన్నారంటే, హైవే మీద చొప్ప మోపు మనిషి శాశ్వతంగా దొంగవుతాడు.

కట్ట: అది కాదనను. కానీ ఘాట్ రోడ్డుకు ఆదివారం గంటలు ఇవ్వగలరు, బట్టీల రోడ్డుకు ఇవ్వగలరా? సున్నం బట్టీ ఆదివారమని ఆగదు. సిమెంటు లారీకి శివరాత్రి లేదు. వాడరేవు నుంచి చీరాల, చిలకలూరిపేట, నరసరావుపేట మీదుగా పిడుగురాళ్లకు వచ్చే 167ఏ జాతీయ రహదారి సముద్రాన్నీ ఈ గుట్టల్నీ ఒకే నంబరు మీద కలుపుతోంది. యాత్రకు ఇంతకంటే మంచి గీత ఉండదు, కానీ దాని మీద కొడుకును ముందు పోనిచ్చి వెనక తొక్కే తండ్రి ఉంటాడా చెప్పండి. 200, 300, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సవారీలు, తొక్కే మొండివాళ్లకు ఏ రోడ్డైనా ఒకటే. 600 కిలోమీటర్లు 40 గంటల్లో కొట్టాలంటే లారీల మధ్య రాత్రంతా తొక్కుతారు. వాళ్లకు దారి అక్కర్లేదు. అక్కర ఉన్నవాళ్లు తొక్కడం మానేసి మోటార్‌సైకిల్ కొనుక్కున్నారు.

రోడ్డు: మానేసినవాళ్లను లెక్కలోకి తెచ్చావు. బాగుంది. కానీ మానడానికి వీల్లేనివాళ్లు ఇంకా ఉన్నారు. బట్టీలో పొద్దుటి షిఫ్టుకు వెళ్లేవాడు, ముక్కుకు తువ్వాలు కట్టుకుని సున్నపు దుమ్ములో తొక్కుకుపోయేవాడు. ఆ దుమ్ముకు నీ ‘ట్రాఫిక్ లేని దారి’ బోర్డు చదవడం రాదు.

కట్ట: సరే, మనిద్దరి దారులూ కలిసే చోటు ఒకటుంది. కాలువ హైవేను దాటే చోట్లు చూద్దాం. నా కట్ట అక్కడ తెగిపోతుంది. వంతెన పక్కన పైకెక్కి, నాలుగు వరసలు దాటి, అవతల మళ్లీ కట్ట మీదికి దిగాలి. ఎంత పెద్ద యాత్రైనా ప్రాణం పోయేది ఆ ఇరవై మీటర్లలోనే.

రోడ్డు: చొప్ప మోపు మనిషి దాటేదీ అక్కడే. డివైడరు సందు లేక.

కట్ట: అయితే ముందు అక్కడ సందు, వేగం తగ్గించే గతుకులు, ఒక దీపం పెట్టమందాం. ఇద్దరిదీ ఒకే అర్జీ.

రోడ్డు: ఒకే అర్జీ ఎలా అవుతుంది? కట్ట ఇరిగేషన్ వాళ్లది, తారు హైవే వాళ్లది. వంతెన గోడ ఎవరిదో ఆ ఇద్దరూ తేల్చుకునేసరికి నా పెన్షన్ కూడా అయిపోతుంది. సరే, రెండు ఆఫీసులకూ రెండు రాద్దాం. ఏ చోటుతో మొదలుపెడతావు?

కట్ట: దుర్గి వైపు. అక్కడ కట్ట బాగుంది, ఎత్తిపోతల దగ్గర, ఫొటోలు పడతాయి, పేపర్లో వస్తుంది, డబ్బు కదులుతుంది.

రోడ్డు: కాదు. పిడుగురాళ్ల బట్టీల దగ్గర. ఫొటో పడకపోయినా సరే.

కట్ట: అక్కడికి యాత్రికుడెవరూ రారు మాస్టారూ.

రోడ్డు: అక్కడ రోజూ తొక్కేవాళ్లున్నారు అబ్బాయ్.